9 మిల్లీవోల్టులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఒక ప్యాచ్ క్లాంప్ కేస్ స్టడీ

కణాల మీద విద్యుత్ కొలతలు చేసే ల్యాబ్‌లో రిగ్‌లను (కొలత పరికరాల సెట్లను) చూసుకోవడం, కొత్తగా వచ్చిన విద్యార్థులకు పని నేర్పడం నా ఉద్యోగం. ఈ కేసు రాయడానికి ఆ విద్యార్థిని, ఆమె గైడ్ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరో, ఏ సంస్థో, ఏ మ్యుటేషనో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆలోచన సాగిన తీరు మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

మన కండరాలు కదలాలంటే కండర కణత్వచంలోని సోడియం ఛానళ్లు మిల్లీసెకనులో ఓ భాగంలో తెరుచుకుని, వెంటనే మూసుకోవాలి. ఆ మూసుకోవడాన్నే ఇనాక్టివేషన్ అంటాం. ఈ ఛానల్ జన్యువులో ఒక్క అక్షరం మారినా కొందరిలో కండరం బిగుసుకుపోతుంది, మరికొందరిలో ఉన్నట్టుండి చచ్చుబడుతుంది. అలాంటి ఒక మ్యుటేషన్ ఛానల్‌ను ఎలా మారుస్తోందో చూడటమే విద్యార్థిని పని. నార్మల్ ఛానల్, మ్యుటెంట్ ఛానల్ ప్లాస్మిడ్‌లను (జన్యువును మోసే డీఎన్‌ఏ ఉంగరాలను) విడివిడిగా ల్యాబ్‌లో పెంచే హెక్ 293 అనే మానవ కణాల్లోకి పంపి, రెండింటినీ ప్యాచ్ క్లాంప్‌తో కొలిచి పోల్చాలి.

ఎర్విన్ నెహర్, బెర్ట్ జాక్‌మన్ 1976లో ఈ పద్ధతితో ఒక్కో ఛానల్ గుండా వెళ్లే కరెంట్‌ను చూపించారు. 1991లో వారికి నోబెల్ వచ్చింది. సుమారు ఒక మైక్రోమీటరు మొన ఉన్న గాజు పిపెట్‌ను కణానికి ఆనించి మెల్లగా పీలిస్తే గిగా ఓముల సీల్ పడుతుంది. ఇంకాస్త గట్టిగా పీలిస్తే పిపెట్ కింద ఉన్న త్వచం చిరిగి, పిపెట్ లోపలి ద్రావణం కణం లోపలితో కలుస్తుంది. ఇది హోల్ సెల్ స్థితి. ఇక మనం అడిగిన వోల్టేజ్ దగ్గర కణాన్ని నిలబెట్టి, కరెంట్ ఎంత పారుతోందో చూడొచ్చు.

"మనం అడిగిన వోల్టేజ్ దగ్గర" అన్న మాటలోనే ఈ కేసంతా ఉంది. హోల్ సెల్‌లో వోల్టేజ్ ఇచ్చేదీ, కరెంట్ లాగేదీ ఒకే పిపెట్. మొన దగ్గరి ఇరుకు వల్ల దారిలో కొన్ని మెగా ఓముల అడ్డంకి ఉంటుంది. దాన్నే సిరీస్ రెసిస్టెన్స్ అంటాం. అపార్ట్‌మెంట్‌లో కింద మోటార్ దగ్గర ప్రెషర్ ఎంత ఉన్నా, సన్నని పైపులో నీళ్లు జోరుగా పారుతున్నప్పుడు పై అంతస్తు కొళాయి దగ్గర ఆ ప్రెషర్ ఉండదు. పారుదల పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. కణం విషయంలోనూ అంతే. 4 నానోయాంపియర్ల కరెంట్ 3.5 మెగా ఓముల గుండా పారితే 14 మిల్లీవోల్టులు దారిలోనే పోతాయి. స్క్రీన్ మీద మైనస్ 40 అని ఉంటే త్వచం నిజంగా ఉండేది మైనస్ 26 దగ్గర.

సమస్య

విద్యార్థిని తెచ్చిన గ్రాఫ్ చూడటానికి చాలా బాగుంది. ఏ వోల్టేజ్ దగ్గర ఎంత శాతం ఛానళ్లు తెరుచుకున్నాయో చూపే యాక్టివేషన్ గ్రాఫ్ అది. మ్యుటెంట్ గీత నార్మల్ గీత కంటే ఎడమకు జరిగింది. సగం ఛానళ్లు తెరుచుకునే మధ్య బిందువు దగ్గర తేడా 9 మిల్లీవోల్టులు. అంటే మ్యుటెంట్ ఛానల్ మరింత సులువుగా తెరుచుకుంటోందన్నమాట. కండరం బిగుసుకుపోయే లక్షణానికి అది చక్కగా సరిపోయే వివరణ. గైడ్‌కీ నచ్చింది. పేపర్ డ్రాఫ్ట్ మొదలైపోయింది.

ఆమె నా దగ్గరికి వచ్చింది వేరే పని మీద. "సార్, మ్యుటెంట్‌కి ఫిట్ సరిగ్గా కూర్చోవట్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా మార్చాలా?" అని అడిగింది. ఫిట్ అంటే బిందువుల మీదుగా సమీకరణంతో గీసే గీత. నార్మల్ గీత ఏటవాలును చెప్పే సంఖ్య, అంటే స్లోప్ ఫ్యాక్టర్, 6 మిల్లీవోల్టులకు దగ్గరగా ఉంది. ఈ సంఖ్య ఎంత తగ్గితే గీత అంత నిటారుగా ఉన్నట్టు. మ్యుటెంట్‌కు అది 4 కంటే తక్కువ వస్తోంది. గీత పైకి లేవడం లేదు, ఎగిరి దూకుతోంది.

ఫిట్‌ను పక్కన పెట్టి ఆ ఏటవాలు గురించే ఆలోచించమన్నాను. ఏటవాలు పెరగాలంటే ఛానల్ తెరుచుకునేటప్పుడు త్వచం గుండా కదిలే చార్జ్ పెరగాలి. ఆ చార్జ్ ఉండేది ఛానల్‌లోని వోల్టేజ్ సెన్సర్లలో. ఆమె మ్యుటేషన్ ఉన్నది అక్కడ కాదు, ఇనాక్టివేషన్‌ను నడిపే లోపలి వైపు భాగంలో. అక్కడ ఒక్క అమైనో ఆమ్లం మారినంత మాత్రాన సెన్సర్ చార్జ్ ఒకటిన్నర రెట్లు అయిందంటే నమ్మబుద్ధి కాలేదు. అసాధ్యమని చెప్పలేను గానీ, అలాంటి మాట చెప్పేముందు కొలతనే నిలదీయాలి.

అప్పటికే చేసినవి

ఆమె ఊరికే కూర్చోలేదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చేసింది. ఒక్కోటీ ఎందుకు చేసిందో అడిగి రాసుకున్నాను.

ముందుగా మరిన్ని కణాలు రికార్డ్ చేసింది. పీ విలువ (నిజంగా తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) ఇంకా చిన్నదైంది, నమ్మకం పెరిగింది. ఇక్కడే చాలామంది పడిపోతారు. కొలత ప్రతిసారీ ఒకే వైపుకు తప్పుతుంటే, ఎన్ని కణాలు చేర్చినా ఆ తప్పు సగటులో కరిగిపోదు. మరింత "కచ్చితంగా" కనిపిస్తుంది.

తర్వాత ఎలక్ట్రోడ్‌ను అనుమానించింది. వెండి తీగ మీద సిల్వర్ క్లోరైడ్ పూత పాతబడితే వోల్టేజ్ మెల్లగా జారుతుంది. ఒక రోజంతా నార్మల్, ఇంకో రోజంతా మ్యుటెంట్ చేస్తే ఆ జారుడే తేడాలా కనిపించవచ్చు. అందుకే తీగకు మళ్లీ పూత వేసి, ఒకే రోజు రెండు రకాల కణాలనూ మార్చి మార్చి కొలిచింది. మంచి పద్ధతి అది. అయినా 9 మిల్లీవోల్టులు అలాగే ఉన్నాయి.

గైడ్ లిక్విడ్ జంక్షన్ పొటెన్షియల్ సంగతి అడిగారు. పిపెట్ ద్రావణం, బయటి ద్రావణం కలిసేచోట పుట్టే వోల్టేజ్ అది. కానీ రెండు రకాల కణాలకూ వాడింది అవే ద్రావణాలు. అది గీతలు రెండింటినీ కలిపి జరుపుతుందే తప్ప వాటి మధ్య తేడా తేలేదు.

50 హెర్ట్జ్ కరెంట్ హమ్ తగ్గించడానికి కూడా ఆమె చాలా కష్టపడింది. ఎర్త్ వైర్లు సరిచేసింది, మైక్రోస్కోప్ లైట్‌కు బ్యాటరీ పెట్టింది. రికార్డింగ్ శుభ్రంగా వచ్చింది, తేడా మాత్రం కదల్లేదు. నా అనుభవంలో కొత్తవాళ్ల శ్రద్ధంతా ఇలా కంటికి కనిపించే నాయిస్ మీదే పోతుంది. సిరీస్ రెసిస్టెన్స్ తప్పు ట్రేస్‌లో ఎక్కడా గీతగా కనబడదు. నున్నటి, అందమైన రికార్డింగ్‌లో కూడా 15 మిల్లీవోల్టుల తప్పు దాగి ఉండొచ్చు.

రివర్సల్ చెప్పిన మాట

ఆమె డేటాలో నాకు ముందుగా కావాల్సింది రివర్సల్ పొటెన్షియల్. అంటే సోడియం కరెంట్ లోపలికీ బయటికీ కాకుండా సున్నా అయ్యే వోల్టేజ్. బయట 140, లోపల 10 మిల్లీమోలార్ సోడియం ఉంటే గది ఉష్ణోగ్రత దగ్గర అది ప్లస్ 67 మిల్లీవోల్టుల దగ్గర ఉండాలి. రెండు గుంపుల్లోనూ అక్కడికి దగ్గరలోనే ఉంది. "రివర్సల్ కరెక్ట్‌గానే ఉంది కదా సార్, అంటే వోల్టేజ్ కరెక్టే కదా?" అంది.

చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎలక్ట్రోడ్ జారినా, జంక్షన్ పొటెన్షియల్ తప్పినా వోల్టేజ్ స్కేలు మొత్తం ఒకేలా జరుగుతుంది. అప్పుడు మధ్య బిందువుతో పాటు రివర్సల్ కూడా జరిగి తీరాలి. ఇక్కడ జరగలేదు. కాబట్టి ఆ అనుమానాలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. సిరీస్ రెసిస్టెన్స్ తప్పు అలాంటిది కాదు. అది కరెంట్‌ను బట్టి ఉంటుంది. రివర్సల్ దగ్గర కరెంట్ సున్నా, కాబట్టి తప్పూ సున్నా. మధ్య బిందువు దగ్గర కరెంట్ పెద్దది, తప్పూ పెద్దదే. అంటే రివర్సల్ సరిగ్గా ఉండటం సిరీస్ రెసిస్టెన్స్‌కు క్లీన్ చిట్ ఇవ్వదు. మిగిలినవి రెండే: నిజంగానే ఛానల్ మారింది, లేదా సిరీస్ రెసిస్టెన్స్.

ఎగిరి దూకే గీత కూడా రెండోదాన్నే చూపిస్తోంది. సోడియం లోపలికి పారుతుంటే త్వచం మనం అడిగినదాని కంటే ధన దిశకు జారుతుంది. జారితే మరిన్ని ఛానళ్లు తెరుచుకుంటాయి, కరెంట్ పెరుగుతుంది, త్వచం ఇంకా జారుతుంది. కణం క్లాంప్ చేతిలోంచి తప్పించుకుంటుంది. గీత ఎడమకు జరగడం, నిటారుగా అవడం రెండూ కలిసి రావడానికి ఇదే దారి.

రికార్డుల్లో చూస్తే నార్మల్ కణాల గరిష్ఠ కరెంట్ సగటున 2.5 నానోయాంపియర్లు, మ్యుటెంట్ కణాలది 6.5. సిరీస్ రెసిస్టెన్స్ సుమారు 7 మెగా ఓములు. యాంప్లిఫయర్‌లో కాంపెన్సేషన్, అంటే దారిలో పోయే వోల్టేజ్‌ను పరికరమే తిరిగి కలిపే ఏర్పాటు, 50 శాతం. అంతకంటే పెంచితే ట్రేస్ ఊగిపోతోందని అక్కడే ఆపేసిందట. మిగిలింది 3.5 మెగా ఓములు. మధ్య బిందువు దగ్గర కరెంట్ నార్మల్‌లో సుమారు 1.6, మ్యుటెంట్‌లో 4 నానోయాంపియర్లు. గుణిస్తే ఒకచోట 5.6, ఇంకోచోట 14 మిల్లీవోల్టులు. తేడా 8.4. ఆమె కనుక్కున్నది 9.

కాగితం మీద సరిచేయబోతే

గైడ్ వెంటనే అడిగింది న్యాయమైన ప్రశ్నే: "తప్పు ఎంతో తెలుసు కదా, లెక్కలో తీసేస్తే పోదా? మళ్లీ రికార్డింగులన్నీ ఎందుకు?" రీసెర్చ్ ఫెలోషిప్ గడువు దగ్గరపడుతున్న విద్యార్థినికి ఆ ప్రశ్న ఎంత టెన్షనో నాకు అర్థమైంది. చేసి చూశాం. ప్రతి బిందువుకూ ఆ క్షణం కరెంట్‌ను మిగిలిన రెసిస్టెన్స్‌తో గుణించి వోల్టేజ్‌ను సరిచేశాం.

తేడా తగ్గింది గానీ, కణానికీ కణానికీ ఫలితం చెదిరిపోయింది. కారణం గ్రాఫ్ మీదే కనిపించింది. మైనస్ 45 అడిగినప్పుడు త్వచం మైనస్ 42 దగ్గరుంది. మైనస్ 40 అడిగితే ఏకంగా మైనస్ 26కి వెళ్లిపోయింది. గీత నిటారుగా లేచేది సరిగ్గా ఆ మధ్యలోనే, అక్కడ ఒక్క బిందువూ లేదు. కొలవని చోట లెక్కతో కొలత పుట్టదు. పైగా సోడియం కరెంట్ పుట్టి పీక్‌కు చేరేలోపు త్వచం వోల్టేజ్ ఒకచోట నిలవదు, కదులుతూనే ఉంటుంది. ఒక్క సంఖ్యతో దాన్ని సరిదిద్దలేం. పొటాషియం లాంటి నెమ్మది కరెంట్‌లకు, తప్పు చిన్నదైతే, ఈ లెక్క పనికొస్తుంది. ఇక్కడ పనికిరాలేదు.

తేల్చిన ప్రయోగం

ముందు ఒక సులువైన గ్రాఫ్ గీయమన్నాను. అడ్డంగా ప్రతి కణం గరిష్ఠ కరెంట్, నిలువుగా ఆ కణం మధ్య బిందువు. రెండు గుంపులూ ఒకే వాలు మీద పడ్డాయి. కరెంట్ ఎక్కువున్న నార్మల్ కణాలు అచ్చం మ్యుటెంట్‌లా కనిపించాయి. ఆమె ముఖం వాడిపోయింది.

అయినా దీనితో తేలిపోయిందని నేను అనలేదు. కరెంట్ ఎక్కువంటే ఛానళ్లు ఎక్కువ. ఛానళ్లు మరీ ఎక్కువైతే, కణంలో వాటికి తోడుండే బీటా సబ్‌యూనిట్‌ల వంటి ప్రొటీన్లు అందరికీ చాలక, ఛానల్ స్వభావమే మారే అవకాశం ఉంది. అప్పుడు కూడా ఇదే వాలు వస్తుంది. పోలిక వేర్వేరు కణాల మధ్య ఉన్నంతకాలం ఈ రెండింటినీ విడదీయలేం. ఒకే కణంలో, అన్నీ అలాగే ఉంచి, కరెంట్‌ను మాత్రం తగ్గించాలి.

దానికి టెట్రోడోటాక్సిన్ ఉంది. పఫర్ చేపలో ఉండే విషం. సోడియం ఛానల్ నోటిని బయటి నుంచి మూసేస్తుంది. ఈ కండర ఛానల్‌కు నానోమోలార్ మోతాదులే చాలు. సగానికి పైగా ఛానళ్లను మూస్తే మిగిలినవి మామూలుగానే తెరుచుకుంటాయి. ఛానల్ స్వభావమే మారి ఉంటే మధ్య బిందువు ఉన్నచోటే ఉండాలి. సిరీస్ రెసిస్టెన్స్ వల్లయితే కుడికి జరగాలి.

జరిగింది. పెద్ద కరెంట్ ఉన్న మ్యుటెంట్ కణంలో టాక్సిన్ పడగానే మధ్య బిందువు కుడికి వచ్చింది, గీత ఏటవాలు కూడా మామూలుకు దగ్గరైంది. పెద్ద కరెంట్ ఉన్న నార్మల్ కణంలోనూ అంతే. విషాన్ని కడిగేస్తే మళ్లీ ఎడమకు. ఇక్కడ ఇంకో అనుమానాన్ని కూడా తీర్చాలి. హోల్ సెల్ తెరిచాక సోడియం ఛానళ్ల గీతలు కాలంతో పాటు వాటంతటవే జారతాయని అందరికీ తెలుసు. కానీ ఆ జారుడు ఎడమకు. ఇక్కడ కదలిక కుడికి, కడిగితే వెనక్కి. కాబట్టి కాలం దీనికి కారణం కాదు.

మళ్లీ మొదటి నుంచి

ఇక రికార్డింగ్ పద్ధతినే మార్చాం. తప్పు అంటే కరెంట్, రెసిస్టెన్స్‌ల గుణకారం. రెండింటినీ తగ్గించాలి.

రెసిస్టెన్స్ వైపు మొన వెడల్పు పెంచాం. ఆమె వాడుతున్నవి 3 మెగా ఓముల పిపెట్లు, సీల్ తేలిగ్గా పడుతుందని. పుల్లర్ సెట్టింగ్ మార్చి, మొనను వేడితో నునుపు చేసి 1.5కి తెచ్చాం. మొదట్లో సీళ్లు చాలా పోయాయి. చేయి కుదిరాక సిరీస్ రెసిస్టెన్స్ 3 నుంచి 4 మెగా ఓముల్లోకి వచ్చింది. కాంపెన్సేషన్ పెంచితే ఊగిసలాట ఎందుకు వస్తోందో కూడా చూశాం. పిపెట్ కెపాసిటెన్స్ (గాజు గోడ చార్జ్‌ను నిల్వ చేసుకునే గుణం) సరిగ్గా రద్దు కావడం లేదు. పిపెట్‌కు మొన దగ్గరిదాకా సిల్‌గార్డ్ అనే సిలికోన్ పూత వేసి, బాత్‌లో (కణాలుండే గిన్నెలో) ద్రావణం మట్టం తగ్గిస్తే కాంపెన్సేషన్ 80 శాతం దాటినా ట్రేస్ నిలకడగా ఉంది.

కరెంట్ వైపు మొదట ప్లాస్మిడ్ మోతాదు తగ్గించాం. మరీ తగ్గించకూడదు. హెక్ కణాలకు సొంతంగా చిన్న సోడియం కరెంట్ ఉంటుంది, మన కరెంట్ దాని స్థాయికి దిగితే ఏది ఎవరిదో తెలియదు. అందుకని ఒక నానోయాంపియర్ కంటే తక్కువున్న కణాలను కూడా వదిలేశాం. ఆపైన బయటి సోడియంను 140 నుంచి 35 మిల్లీమోలార్‌కు తగ్గించి, ఆ లోటును ఎన్‌ఎమ్‌డీజీతో నింపాం. అది సోడియం ఛానల్ గుండా దాదాపు వెళ్లలేని పెద్ద అయాన్. కాల్షియం, మెగ్నీషియం మాత్రం ముట్టుకోలేదు. కాల్షియం మారితే సోడియం ఛానల్ తెరుచుకునే వోల్టేజే జరుగుతుందని ఫ్రాంకెన్‌హాయిజర్, హాడ్జ్‌కిన్ 1957లోనే స్క్విడ్ నరం మీద చూపించారు. ఒక తప్పు తీయబోయి ఇంకోటి తెచ్చుకోకూడదు. సోడియం తగ్గాక రివర్సల్ 32 దగ్గరికి రావాలి, వచ్చింది.

ప్రతి కణంలో తెరిచిన 5 నిమిషాలకు ప్రొటోకాల్ మొదలుపెట్టడం, ఏ డిష్ ఏదో ఆమెకు తెలియకుండా వేరొకరు లేబుల్ వేయడం కూడా అప్పుడే పెట్టాం.

యాక్టివేషన్‌లో తేడా మాయమైంది. మిగిలిన ఒకటి రెండు మిల్లీవోల్టులు చెదురులో కలిసిపోయాయి. స్లోప్ రెండింటికీ 6 దగ్గరే.

ఆ రోజు ఆమె చాలా నిరాశపడింది. నేను మాత్రం ఆమె పాత ఫోల్డర్‌లో పక్కన పడేసిన ఇనాక్టివేషన్ రికార్డింగులు తీయమన్నాను. మ్యుటేషన్ ఉన్నదే ఇనాక్టివేషన్ భాగంలో కదా. అందులో మ్యుటెంట్ గీత 8 మిల్లీవోల్టులు కుడికి ఉంది. అంటే ఛానల్ మూసుకోవడానికి మొరాయిస్తోంది. యాక్టివేషన్ గీతంత ఆకర్షణగా లేదని దాన్ని సప్లిమెంట్‌లో పెట్టారట. ఈ ప్రొటోకాల్‌లో ముందు ఛానళ్లను మూసుకోనిచ్చే ప్రీపల్స్, తర్వాత ఇంకా ఎన్ని తెరుచుకోగలవో చూసే టెస్ట్ పల్స్ ఇస్తాం. గ్రాఫ్‌లో అడ్డంగా వేసేది 500 మిల్లీసెకన్ల ప్రీపల్స్ వోల్టేజ్. ఆ ప్రీపల్స్ చివర కరెంట్ దాదాపు ఉండదు, కాబట్టి ఆ వోల్టేజ్ నమ్మదగ్గది. టెస్ట్ పల్స్‌లో కరెంట్ పెద్దదైతే గీత పైభాగం కాస్త అణిగి కొద్దిగా కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. లెక్కిస్తే అది ఒకటిన్నర మిల్లీవోల్టు. కొత్త పద్ధతిలో మళ్లీ కొలిస్తే తేడా 6.5 వచ్చింది. లెక్కకు సరిపోయింది. టాక్సిన్‌తో కరెంట్ తగ్గించినా అది నిలబడింది.

కండరం బిగుసుకోవడానికి వివరణ పోలేదు. ఛానల్ తేలిగ్గా తెరుచుకోవడం కాదు, సరిగ్గా మూసుకోకపోవడం. పేపర్ ఆ మాట మీదే నిలబడింది.

ఆ తర్వాత మా దగ్గర మారినవి

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ, కాట్జ్ 1952లో స్క్విడ్ నరం మీద పనిచేసినప్పుడు, కరెంట్ ఇచ్చే తీగ, వోల్టేజ్ చూసే తీగ వేర్వేరుగా ఉన్నా కూడా సిరీస్ రెసిస్టెన్స్‌ను పట్టించుకుని దానికి కాంపెన్సేషన్ చేశారు. మన పద్ధతిలో ఆ రెండో తీగే లేదు. అయినా చాలా పేపర్లలో "సిరీస్ రెసిస్టెన్స్ కాంపెన్సేట్ చేశాం" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఎంత ఉంది, ఎంత మిగిలింది, కరెంట్ ఎంత అన్నది ఉండదు. ఆ మూడూ లేని మధ్య బిందువును నేను ఇప్పుడు ఒప్పుకోవడం లేదు.

మా రిగ్ లాగ్‌లో ప్రతి కణానికి రికార్డింగ్ ముందు, తర్వాత సిరీస్ రెసిస్టెన్స్ రెండుసార్లు రాయాలి. ఎందుకంటే మధ్యలో మొనలో చెత్త చేరి అది పెరగొచ్చు. మిగిలిన తప్పు 3 మిల్లీవోల్టులు దాటితే ఆ కణాన్ని యాక్టివేషన్ విశ్లేషణలో కలపం. ఈ హద్దును డేటా చూశాక కాదు, ముందే పెట్టుకోవాలి. లేకపోతే నచ్చని కణాలను తీసేయడానికి అదో సాకు అవుతుంది. రెండు గుంపుల కరెంట్ పరిమాణాలు వేరుగా ఉంటే, మరే గ్రాఫ్ కంటే ముందు కరెంట్‌కూ మధ్య బిందువుకూ మధ్య ఉన్న గ్రాఫ్ నా టేబుల్ మీదికి రావాలి.

ఒక ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. మ్యుటెంట్ కణాల్లో కరెంట్ అసలు ఎందుకు ఎక్కువుంది? రెండు ప్లాస్మిడ్‌లనూ వేర్వేరు సమయాల్లో తయారుచేశారు. నార్మల్ ప్లాస్మిడ్ గాఢతను యూవీ రీడింగ్‌తో కొలిచారు. అందులో ఆర్‌ఎన్‌ఏ మిగిలి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపి, నిజంగా వేసిన డీఎన్‌ఏ తక్కువై ఉంటుంది. రెండింటినీ ఒకే రోజు కొత్తగా తయారుచేసి, డీఎన్‌ఏకు మాత్రమే అంటుకునే రంగుతో కొలిచి వేస్తే కరెంట్ తేడా బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మ్యుటెంట్ ఛానల్ త్వచం దాకా నిజంగానే ఎక్కువగా చేరుతోందేమో. అది ప్యాచ్ క్లాంప్‌తో తేలేది కాదు. కణం ఉపరితలం మీది ప్రొటీన్‌ను విడిగా కొలవాలి. ఆ పని ఇప్పుడు ఆమె జూనియర్ చేస్తోంది, పేపర్‌లో మాత్రం ఆ మాట రాయలేదు.